ఇల్లు అప్పగించి చూడు

పెద్దలు ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. రెండూ చేశాను. రెండింటికీ అప్పు చేశాను, రెండు అప్పులూ తీర్చాను. ఇల్లు అప్పగించి చూడమని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే జాగ్రత్తపడేవాణ్ణి. ఈ వయసులో ఇలా ఫిర్యాదు రాసుకునే గతి పట్టేది కాదు.

విషయం ఏమిటంటే, మేము ఊళ్ళో లేని ఆరు నెలల్లో మా ఇల్లు దోపిడీకి గురైంది. బంగారం పోలేదు. వెండి పోలేదు. టీవీ ఉన్నచోటే ఉంది. ఇత్తడి సామానైతే పోకపోగా అటక మీంచి కిందికి దిగి, చింతపండుతో తోమించుకుని, పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల్లా వరసగా కూర్చుంది. పోయినదల్లా ప్లాస్టిక్. ముప్ఫై ఏళ్ళ సంసారంలో కవరు కవరూ కూడబెట్టిన ఆస్తి. దొంగ దొరికాడు. మా ఆవిడ తమ్ముడే. పోలీసులకు చెప్పుకుందామా అంటే, తాళంచెవులు చేతిలో పెట్టి మరీ వెళ్ళింది నేను. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు. సరిగ్గా ఆరు నెలలకే మొరుగుతున్నాను, లెక్క తప్పలేదు.

మాది రాజమండ్రి. 2015లో కాగితాల మీద రాజమహేంద్రవరం అయింది గానీ ఆటోవాళ్ళ నోట్లో ఇంకా రాజమండ్రే. అమ్మాయి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటుంది. పురుడు పోయడానికి మేమిద్దరం వెళ్ళక తప్పలేదు. మరి ఇల్లు? తాళం వేసి ఊరెళ్ళేవాళ్ళ కోసం మన రాష్ట్రంలో పోలీసువాళ్ళ ఏర్పాటొకటి ఉంది, ఎల్.హెచ్.ఎం.ఎస్. అంటారు. ముందుగా చెబితే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి వెళతారు. నేను దానికే మొగ్గాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

“కెమెరా తులసికోటకి నీళ్ళు పోస్తుందా? సాయంత్రం దీపం పెడుతుందా? మా తమ్ముడున్నాడు కదండీ!”

ఉన్నాడు. హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఒంటి మనిషి. అలా ఒకరి తర్వాత ఒకరి ఇల్లు కనిపెట్టుకుని ఉండటమే ఇప్పుడతని కాలక్షేపం. కాకినాడలో ఒకరు కాశీ వెళితే అక్కడ నెల, విశాఖలో ఒకరు కొడుకు దగ్గరికి వెళితే అక్కడ రెండు నెలలు. ఎవరింట్లో ఉన్నా ఒక గది, ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. మా ఇంటికి వచ్చిన రోజున అతని భుజాన ఒక్కటే గుడ్డసంచి. అందులో రెండు పంచెలు, ఒక తువ్వాలు, ఒక మరచెంబు, ఒక నోటుపుస్తకం. నేను అమెరికాకి నాలుగు పెట్టెలు సర్దుకుని, నాలుగూ తూకం వేయించుకుని, కిలో కిలోకీ చెమటలు కక్కుతున్నాను. ఆ గుడ్డసంచి చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇల్లు అప్పగిస్తూ అన్నీ చూపించాను. మోటారు స్విచ్చి ఎక్కడుందో, గ్యాసు రెగ్యులేటరు ఎటు తిప్పాలో, గేటు గొళ్ళెం ఎక్కడ పట్టేస్తుందో అన్నీ. చివరికి వంటింటి తలుపు వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ మేకుకి వేలాడుతోంది మా ఇంటి బొక్కసం. కవర్ల కవరు. పైకి ఒక్కటే కనిపిస్తుంది గానీ లోపల వర్ణాశ్రమ ధర్మం నడుస్తూ ఉంటుంది. బట్టలకొట్టు కవర్లు ఒక కట్ట, అవి చుట్టాలకి ఏదైనా ఇచ్చి పంపేటప్పుడు మర్యాదకి. నగలకొట్టు కవర్లు ఒక కట్ట, అవి ఎవరికీ ఇవ్వరు, ఊరికే ఉంటాయి. మందుల షాపువి చిన్నవి, కిరాణావి నలిగినవి, చేపల బజారు నల్లవి అన్నిటికంటే అడుగున.

“ఇవి మాత్రం ముట్టుకోకు” అన్నాను.

“ముట్టుకోను బావగారూ” అన్నాడు.

మాట తప్పలేదు. పట్టకారుతో తీశాడట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఎడిసన్‌లో నా బతుకు ఏమని చెప్పను? ఆ రాష్ట్రంలో 2022 మే 4 నుంచి కొట్లలో ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం మానేశారు. పెద్ద సరుకుల దుకాణాల్లోనైతే కాగితం సంచి కూడా ఇవ్వరు. మొదటిసారి మా అల్లుడితో వెళ్ళినప్పుడు సంచి కారులో మరిచిపోయాం. వంకాయలు, పెరుగు డబ్బా, కొత్తిమీర చెరో చేతా, చంకలోనూ పెట్టుకుని, సంతలో కోడిపిల్లల్ని పట్టుకెళ్ళినట్టు కారు దాకా నడిచాం. అంత పెద్ద దేశం, ఒక్క కవరుకి గతి లేదు! పనీ పాటా లేని మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని, వంటింటి తలుపు వెనక వేలాడే నా బొక్కసాన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. ఇంటికి వెళితే చాలు, మనకేం లోటు అనుకునేవాణ్ణి.

ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పగానే చేసిన మొదటి పని తలుపు వెనక చూడటం. మేకు ఉంది. మేకుకి ఒకే ఒక్క గుడ్డసంచి ఉంది. మా ఆవిడ పాత నేతచీర అంచు దానికి చేతులు. నాకు కాళ్ళలో ఓపిక పోయింది.

ఇక అభియోగాలు ఒక్కొక్కటే మనవి చేసుకుంటాను.

మొదటిది, డబ్బాల సంగతి. మా వంటింట్లో పప్పులకీ, పొడులకీ, ఆవకాయకీ కూడా ప్లాస్టిక్ డబ్బాలే. ప్రతి డబ్బా అడుగునా త్రికోణంలో ఒక అంకె ఉంటుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. మా బావమరిది ఒక్కొక్క డబ్బానీ బోర్లించి, జాతకం చూసినట్టు చూశాడట. 1 అంకె అయితే నీళ్ళ సీసాల బాపతు. 4 అయితే పాల కవర్ల బాపతు. 5 అయితే ఐస్‌క్రీము డబ్బాల బాపతు. 6 అయితే థర్మాకోలు చుట్టం. 7 అయితే మొదటి ఆరింటిలో దేనికీ చెందనిది. జాతకాలు చూసి ఊరుకున్నాడా? మా అమ్మ నాటి జాడీలు బయటికి తీశాడు. అందులో పెద్ద జాడీ పదిహేనేళ్ళుగా మా వరండాలో గొడుగులు పెట్టుకునే ఉద్యోగం చేస్తోంది. దాన్ని కడిగి, ఎండబెట్టి, మళ్ళీ ఆవకాయ కొలువులోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఆవకాయకి చోటుంది, గొడుగులకి లేదు. వానాకాలం వస్తే ఎవరు జవాబు చెబుతారు?

రెండోది, పాల ప్యాకెట్టు. తెల్లారి లేచి కత్తెరతో మూల కత్తిరించి పాలు గిన్నెలో పోయడం మన జాతీయ కార్యక్రమం. అలా కత్తిరించిన చిన్న మూల ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. రోజుకి రెండు ప్యాకెట్లయితే ఏడాదికి 730 మూలలు అని మా బావమరిది లెక్క కట్టి చెప్పాడు. ప్యాకెట్టునైతే పాతసామాన్లవాడు కొంటాడు గానీ ఆ గోరంత ముక్కని ఎవరూ ఏరరట, నేరుగా కాలవలోకేనట. కాబట్టి మూల పూర్తిగా తెగకుండా, తోకలా వేలాడేట్టు గాటు పెట్టాలి. పాలు పోశాక ప్యాకెట్టు కడిగి, బట్టలతోపాటు దండెం మీద ఆరేయాలి. పొద్దున్నే కళ్ళజోడు లేకుండా చేసే శస్త్రచికిత్స ఇది. నా కాఫీ ఆ మేరకి ఆలస్యం.

మూడోది, పరువు. మా వీధి కూరలబండి అమ్మాయి నన్ను చూడగానే నవ్వింది. ఎందుకని ఆరా తీశాను. మా బావమరిది వచ్చిన కొత్తలో ఆమె కవరు ఇవ్వబోతే, “ఇది ఎన్ని మైక్రాన్లమ్మా?” అని అడిగాడట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి కవరు ఇవ్వకూడదని కేంద్రం నిబంధన. ఆమె తాపీగా, “మైకురాన్లు ఈ రోజు రాలేదండి, బెండకాయలున్నాయండి” అందట. అప్పటినుంచి మా ఇంటికి మైకురాన్ల మాస్టారి ఇల్లని పేరు. ముప్ఫై ఏళ్ళు ఈ వీధిలో ఉండి నేను సంపాదించుకోలేని పేరు అతను మూడు రోజుల్లో సంపాదించి పెట్టాడు.

నాలుగోది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా సందు చివర కర్రీపాయింటు ఉంది. నేను చాలా ఏళ్ళుగా ఖాతాదారుని. పొగలు కక్కే సాంబారు పల్చటి కవరులో పోసి, మూతిని గిర్రున తిప్పి, దారం చుట్టి ఇస్తాడు. బెలూనులా ఉబ్బిన ఆ కవరుని వేలికి తగిలించుకుని, కాలు కాలకుండా ఎడంగా పట్టుకుని నడవడంలో నాకొక నైపుణ్యం ఉంది. మా బావమరిది మూడు గిన్నెల క్యారేజీ పట్టుకెళ్ళాడు. కవరు ఖర్చూ, దారం ఖర్చూ మిగిలాయన్న సంతోషంలో వాడు అతనికి గరిటెడు సాంబారు ఎక్కువ పోశాడట, ఆరు నెలలూ! ఇన్నేళ్ళలో నాకు ఎన్నడైనా గరిటెడు ఎక్కువ పోశాడా? నేను పర్యావరణం గురించి ఏమీ మాట్లాడను. సాంబారు గురించి మాట్లాడుతున్నాను.

అయిదోది స్నానాలగది. షాంపూ సీసాలు మూడు ఉండాలి, ఒక్కటీ లేదు. మూకుడులో కుంకుడుకాయలు, పక్కన వాటిని కొట్టుకోవడానికి గుండ్రాయి, మేకుకి బీరపీచు. నా నెత్తికి షాంపూ అయినా కుంకుడురసమైనా ఒకటే, రెండింటికీ అక్కడ పెద్దగా పని లేదు. కానీ హక్కు హక్కే కదా! కంట్లో కుంకుడురసం పడి నేను కేకలు పెడుతుంటే, మా ఆవిడ వచ్చి చిటికెడు ఉప్పు నోట్లో వేసి వెళ్ళింది, చిన్నప్పుడు మా అమ్మ వేసినట్టే. కళ్ళమంట తగ్గిందో లేదో చెప్పలేను. కోపం మాత్రం ఒక పిసరు తగ్గింది. అది కూడా అతని కుట్రే అయి ఉంటుంది.

ఆరోది, ఆ మరచెంబు. మేము వచ్చిన వారానికి ఒక పెళ్ళికి వెళ్ళాం. ప్రతి ఆకు ముందూ అరచేతిలో పట్టేంత నీళ్ళ సీసా నిలబెట్టారు. ఆకు అన్నానే గానీ అదీ ఆకు కాదు, అరటాకు బొమ్మ వేసిన అట్ట. అరటిగెలలకి పెట్టింది పేరైన రావులపాలెం గంట ప్రయాణం లేదు, మనకి అరటాకు బొమ్మ! నేను వడియాల కోసం ఎదురుచూస్తుంటే, పక్కన మా బావమరిది సంచిలోంచి మరచెంబు తీసి, మర తిప్పి, గటగటా తాగాడు. బంతి మొత్తం మా వైపు తిరిగింది. పెళ్ళికొడుకు తాతగారైతే లేచి వచ్చి, ఆ చెంబు చేతిలోకి తీసుకుని, “మా నాన్నగారిది ఇలాంటిదే ఉండేది” అంటూ పావుగంట నిలబడ్డారు. కట్నం చదివించింది నేను, ఆయన మాట్లాడింది చెంబుతో.

ఇలాంటి సమయంలో ఇంటి ఇల్లాలు భర్త పక్షాన నిలబడాలి. మా ఆవిడ మొదటి రోజే శత్రుపక్షంలో చేరిపోయింది. “తిరుమల కొండ మీదే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మానేసి గాజు సీసాలు పెట్టారు. వెంకన్నకి కుదిరింది మీకు కుదరదా?” అంది. దేవుణ్ణి సాక్షిగా పిలిచాక ఇక అడ్డుప్రశ్నలు ఏం వేస్తాం?

అయినా నేనూ ఊరుకోలేదు. నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఎడిసన్‌లో కవర్ల కోసం నేను పడే బాధ చూడలేక మా అల్లుడు ఒకనాడు ఫోనులో చదివి చెప్పాడు. ఈ చేతుల కవరుని తయారుచేసింది స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్, 1960లలో. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టేస్తున్నారనే బాధతో, మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి వీలుగా దీన్ని చేశాడట. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఒక కవరు మడిచి జేబులో పెట్టుకునే వెళ్ళేవాడని కొడుకే చెప్పాడట. ఇది విన్ననాడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. లోకమంతా వాడి విసిరేస్తుంటే, ఆ మహానుభావుడి మనసు తెలుసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే! కవరు పారేయడం నా వంశంలో లేదు. కడుగుతాను, ఆరబెడతాను, మడుస్తాను, దాస్తాను.

ఇదంతా మా బావమరిది ముందు గంభీరంగా వినిపించాను. అతను శ్రద్ధగా విన్నాడు. మాస్టారు కదా, తప్పు జవాబు కూడా పూర్తయ్యేదాకా వింటాడు. తర్వాత నోటుపుస్తకం తెరిచాడు.

“ఆయన ఒక్కటి మడిచి జేబులో పెట్టుకున్నాడు బావగారూ. మీరు పదకొండు వందల పదమూడు పెట్టుకున్నారు.”

లెక్క పక్కాగా ఉంది. బట్టలకొట్లవీ నగలకొట్లవీ 143, కిరాణావీ కూరలవీ 702, మందుల షాపులవి 216, ఏ కొట్టువో అచ్చు చెరిగిపోయి గుర్తుపట్టలేనివి 52. ఎదురు పేజీలో అతని సొంత పద్దు. ఆరు నెలల్లో అతని చేతుల మీదుగా ఇంట్లోకి వచ్చిన ప్లాస్టిక్ అంతా ఉంది. పాల ప్యాకెట్లు 181, అవి పాతసామాన్లవాడికి పోయాయి. ఉప్పు ప్యాకెట్లు 2. బీపీ మాత్రల అట్టలు కొన్ని. ఒక పళ్ళ బ్రష్షు. నూనె గానుగ దగ్గరికి స్టీలు క్యాను పట్టుకెళ్ళాడు కాబట్టి దాని పద్దులో సున్నా. అడుగున కరెంటు బిల్లులు కూడా కుట్టి పెట్టాడు. అవి చూసి మీటరు పాడైపోయిందనుకున్నాను.

“నేను కవర్లు పారేయను కదయ్యా! పారేసేవాళ్ళని అడుగు” అన్నాను.

“మీరు పారేయరు, నిజమే. వీటి ఆయుర్దాయం మీ అంత కాదు బావగారూ, చాలా ఎక్కువ. మీ తర్వాత ఎవరో ఒకరు పారేయాలి కదా!”

ఆ మాట అన్నాక అతను టీ పెట్టడానికి లేచి వెళ్ళాడు. నేను కుర్చీలోనే ఉండిపోయాను. మా అమ్మ పోయినప్పటి సంగతి గుర్తొచ్చింది. ఆవిడ సామాను పంచుకోవడానికి మా అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ ఒక్క పూట పట్టింది. రెండు బిందెలు, మూడు జాడీలు, ఒక ట్రంకుపెట్టె, చీరలు, పూజ సామాను. ఏది ఎవరికి కావాలో మాట్లాడుకున్నాం, ఒకటి రెండిటి కోసం కాస్త పోట్లాడుకున్నాం కూడా. ఎవరికీ అక్కర్లేక పారేసిన వస్తువు ఒక్కటీ లేదు. రేపు మా అమ్మాయి ఎడిసన్ నుంచి పది రోజుల సెలవు మీద వచ్చి, ఈ తలుపు వెనక నిలబడి, పదకొండు వందల పదమూడు కవర్లని ఏం చేసుకుంటుంది? చుట్టాల మర్యాదకి ఒక కట్ట విమానంలో పట్టుకెళుతుందా? వాటి కోసం పోట్లాడుకోవడానికి దానికి ఒక తోబుట్టువైనా లేదే!

ఇది ఒప్పుకోలు కాదని పాఠకులు గమనించాలి. ఫిర్యాదు ఫిర్యాదే. మర్నాడు పొద్దున అతను గోదావరి గట్టు మీదికి నడకకి తీసుకెళ్ళాడు. వరద తీసిన గుర్తు మేరకి తుమ్మకంపలన్నిటికీ కవర్లు చిక్కుకుని, గాలికి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. అతను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. మాస్టారన్నవాడు పాఠం చెప్పాలి గానీ, చూపించి ఊరుకోవడమేమిటి?

మొన్న అతను వెళ్ళిపోయాడు. అమలాపురంలో ఎవరో కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళుతున్నారట, ఆ ఇంటికి దీపం పెట్టాలి. అదే గుడ్డసంచి, అవే రెండు పంచెలు. ఆరు నెలలు ఉన్న గదిలో అతను ఉన్నట్టు ఒక్క ఆనవాలు లేదు. గుమ్మం దాటేముందు ఆఖరిసారి అడిగాను.

“ఇంతకీ నా కవర్లు ఎక్కడ పారేశావయ్యా?”

“పారేయడానికి చోటెక్కడుంది బావగారూ? అటక మీదే ఉన్నాయి.”

ఎక్కి చూశాను. గోనెసంచిలో కుక్కి, మూతి పురికొసతో కుట్టి, ‘బావగారి ఆస్తి’ అని చీటీ కట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. అంటే దోపిడీ జరగలేదన్నమాట. అయితే ఇన్ని పేజీల ఫిర్యాదు ఏమైనట్టని మీరడగవచ్చు. సాంబారు గరిటె సంగతి ఇంకా తేలలేదు.

ఆ తర్వాత మా వీధికి పాతసామాన్లవాడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఆ గోనెసంచి దింపి గేటు దగ్గర పెట్టాను. ఇత్తడి ఉందా అని అడిగాడు, ఇనుము ఉందా అని అడిగాడు, పాత పేపర్లు, అట్టపెట్టెలు, చివరికి పాల కవర్లు కూడా తూకం వేసి డబ్బులిచ్చాడు. ఆ గోనెసంచి మూతి విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ మూతి కట్టేసి వెళ్ళిపోయాడు.